పంట అమ్మేటప్పుడు వచ్చే చిక్కులు: నల్లగొండ, పాలమూరు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

సూర్యాపేట, మిర్యాలగూడ, నకిరేకల్, దేవరకద్ర, బాదేపల్లి, వనపర్తి, గద్వాల... యార్డు పేరు మారుతుంది గానీ చిక్కులు దాదాపు అవే. ఇంటి నుంచి బండి కదిలేటప్పుడు అందరూ అడిగేది "ధర ఎంతుంది?" అనే. నన్నడిగితే రైతు మోసపోయేది ధర దగ్గర ఒక్కటే కాదు. కాంటా దగ్గర కొంత, తేమ మిషన్ దగ్గర కొంత, చిట్టీ రాసే బల్ల దగ్గర కొంత, చివరికి డబ్బు చేతికొచ్చే దగ్గర ఇంకొంత పోతుంది. ఈ జవాబులు ఎక్కువగా ఆ నాలుగు చోట్ల గురించే.

పేపర్లో పల్లికి మంచి ధర రాశారు. యార్డుకు పోతే నాకు చాలా తక్కువ పెట్టారు. పేపర్ అబద్ధం రాసిందా?

అబద్ధం కాదు, సగం నిజం. యార్డులో రోజూ మూడు ధరలు నమోదవుతాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేది గరిష్ఠ ధర. ఆ రోజు వచ్చిన కుప్పలన్నిటిలో ఏ ఒక్క కుప్పకో, అదీ పది పదిహేను బస్తాలకో ఆ ధర పలికి ఉండొచ్చు. ఎక్కువ సరుకు ఎంతకు పోయిందో చెప్పేది మోడల్ ధర. మీరు లెక్క వేసుకోవాల్సింది దాని మీదే. ఈ-నామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్) యాప్‌లోనూ, యార్డు బోర్డు మీదా మూడూ ఉంటాయి. ఒక్క రోజుది కాకుండా నాలుగైదు రోజులవి చూడండి.

ఇంకో సంగతి. సీజన్ మొదట్లో కొబ్బరికాయ కొట్టి కొనే నాలుగు బస్తాలకు ధర బాగా పెడతారు. అది చూసి మన దగ్గర యాసంగి పల్లి జనవరి, ఫిబ్రవరిలో ఒక్కసారిగా యార్డు మీద పడుతుంది. అప్పటికి ఆ ధర ఉండదు.

ఖరీదుదారులంతా ముందే మాట్లాడుకుని ధర దించుతున్నారు. ఈ-నామ్ వచ్చాక కూడా ఇదేంది?

ఈ-నామ్‌ను కేంద్రం 2016 ఏప్రిల్ 14న మొదలుపెట్టింది. తొలి విడతలో చేరిన 21 మార్కెట్లలో మన బాదేపల్లి, తిరుమలగిరి కూడా ఉన్నాయి. దూరపు వ్యాపారి కూడా తన ఊళ్లో కూర్చుని ఇక్కడి కుప్పకు ధర వేయగలగాలి, పోటీ పెరగాలి అన్నది ఆలోచన. కానీ దూరపు వ్యాపారి ధర వేయాలంటే సరుకు నాణ్యత ఏంటో ఆయనకు నమ్మకంగా తెలియాలి. అంటే ప్రతి లాట్‌కూ ల్యాబ్‌లో పరీక్ష జరగాలి, ఆ ఫలితం తెర మీద కనబడాలి. అది సరిగా జరగని చోట పాత ఖరీదుదారులే పాత కుప్పల మధ్య తిరిగి, పిడికెడు తీసి, గింజ కొరికి చూసి, జేబులోంచి ఫోన్ తీసి ధర నొక్కుతారు. మారింది చిట్టీకి బదులు ఫోన్ రావడమే.

పోటీ నిజంగా ఉన్నచోట తేడా కనబడుతుంది. నారాయణపేట కందులకు కర్ణాటక వైపు గిరాకీ ఉంది కాబట్టి స్థానికులు ధరను మరీ తొక్కి పెట్టలేరు. 2024 ఫిబ్రవరిలో అచ్చంపేట యార్డులో పల్లి ధర మీద రైతులు ఆగ్రహంతో కార్యాలయం మీదికి వెళ్లారు. అట్లా చేస్తే అప్పటికప్పుడు మళ్లీ టెండర్ పెట్టించొచ్చేమో గానీ, కొనే చేతులు పెరగకుండా రెండో రోజు ధర నిలబడదు. మీ లాట్‌కు ఎంతమంది ధర వేశారో అడిగి తెలుసుకోండి. ఇద్దరే వేస్తే, ఆ సంగతి మార్కెట్ కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి రీటెండర్ అడగండి.

ధర నచ్చకపోతే అమ్మనని చెప్పొచ్చా?

చెప్పొచ్చు. అది మీ హక్కు. తూకం మొదలు కాకముందే చెప్పాలి. ట్రాక్టర్ కిరాయి ఎక్కుతుంటుంది, మబ్బు పడుతుంటుంది, ఇంటి దగ్గర పని ఆగి ఉంటుంది. మధ్యాహ్నం దాటితే రైతు ఎట్లాగూ ఒప్పుకుంటాడని కొనేవాళ్లకు బాగా తెలుసు.

మరి ఆపుకోవాలంటే ఎక్కడ పెట్టాలి? అప్పులోళ్లు ఆగరు గదా.

మార్కెటింగ్ శాఖలో దీనికి ఒక పాత పథకం ఉంది. దాని పేరూ రైతుబంధే. 2018లో ఎకరాకు పెట్టుబడి సాయంగా వచ్చిన రైతుబంధు వేరు, ఇది వేరు. మార్కెట్ కమిటీ గోదాంలో సరుకు పెడితే దాని విలువలో 75 శాతం వరకు, 2 లక్షల రూపాయలకు మించకుండా అప్పు ఇస్తారు. 180 రోజుల దాకా వడ్డీ ఉండదు. ధర పెరిగాక అమ్ముకుని అప్పు కట్టేయొచ్చు.

వినడానికి ఇంత బాగుంటే అందరూ ఎందుకు వాడుకోవడం లేదంటారా? కొన్ని యార్డుల్లో గోదాంలు వేరే సంస్థలకు అద్దెకిచ్చి ఉంటాయి. కొన్ని చోట్ల రైతు పేరుతో వ్యాపారి సరుకే లోపల ఉంటుంది. ఇంకా పెద్ద కారణం, చాలామంది రైతులకు అడ్తిదారు (యార్డులో కమీషన్ మీద సరుకు అమ్మించేవాడు) దగ్గర ముందే అప్పు ఉంటుంది. పంట ఆయన దుకాణం ముందే దిగాలన్నది చెప్పని షరతు. వంద రూపాయలకు నెలకు రెండు రూపాయల వడ్డీ కట్టేవాడు ఆరు నెలలు సరుకు ఆపుకోలేడు. అప్పు లేని రైతు మాత్రం పల్లి, కంది, మక్క వంటి ఎండు సరుకు కోతకు ముందే వెళ్లి గోదాంలో చోటు ఉందేమో కనుక్కోవాలి. కోతలు మొదలయ్యాక పోతే "ఖాళీ లేదు" అనే వినాల్సి వస్తుంది.

ప్రభుత్వ కొనుగోలు సెంటర్లో వడ్ల బస్తాకు 42 కిలోలు తూకం వేస్తున్నారు. ఇది రూలేనా?

కాదు. వడ్ల బస్తాకు లెక్క 40 కిలోలు. దాని మీద ఖాళీ గోనె సంచి బరువు, అంటే సుమారు 600 గ్రాములు, కలుపుకోవాలి. అంతకు మించి వేసిందంతా తరుగే. "తాలు ఉంది", "తేమ ఉంది", "మిల్లు వాళ్లు దించుకోరు" అని ఒక కిలో, రెండు కిలోలు, ఒక్కోచోట మూడు కిలోల దాకా లాగుతారు.

దీన్ని చిల్లర లెక్క అనుకోవద్దు. 50 క్వింటాళ్ల వడ్లంటే 125 బస్తాలు. బస్తాకు రెండు కిలోలు పోతే 250 కిలోలు. 2025-26 వానాకాలానికి ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన దాదాపు 6 వేలు పోయినట్టు. బండి కిరాయి, హమాలీ వేరే.

మీరు చేయగలిగింది ఏంటంటే, ఎండబెట్టి, తూర్పారబట్టి సెంటర్‌కు తెచ్చాక నిర్వాహకుడి ముందే తేమ, తాలు చూపించి రిజిస్టర్‌లో రాయించుకోండి. నాణ్యతకు ప్రమాణాలు ఉన్నాయి: తేమ 17 శాతం, మట్టి పెళ్లలు, రాళ్లు 1 శాతం, గడ్డి, చెత్త 1 శాతం, పాడైన, రంగు మారిన, మొలకెత్తిన గింజలు 5 శాతం, తాలు, ముడుచుకున్న గింజలు 3 శాతం, కేళీలు (కలిసిన వేరే రకం గింజలు) 6 శాతం. వీటి లోపల ఉంటే కోత పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. వీటికంటే ఎక్కువ ఉంటే, తూర్పార పట్టుకోవడానికి ప్యాడీ క్లీనర్ ఇవ్వమని అడగండి. అది పాడైపోయి మూలకు పడి ఉంటే ఆ సంగతి కూడా రాయించండి.

సెంటర్లో కాంటా అయిపోయి లారీ ఎక్కాక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది, ఇంకా బస్తాలు కోస్తామని. ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. సెంటర్లో తూకం వేసి చిట్టీ ఇచ్చారంటే సరుకు మీ చేతులు దాటింది. ఆ తర్వాత జరిగేది సెంటర్‌కూ మిల్లుకూ మధ్య. మా ఇంటి వడ్లకు ఒకసారి ఇట్లాగే ఫోన్ వచ్చింది. "మీరు ఊ అనకపోతే లారీ దించుకోరంట, డబ్బులు లేటవుతాయి" అన్నారు. బెదిరింపు అంతా ఆ చివరి మాటలోనే ఉంది. చాలామంది అక్కడే లొంగిపోతారు, మా ఇంట్లోనూ పెద్దవాళ్లు అప్పటికి వద్దులే గొడవ అన్నారు. తూకం చిట్టీ ఫోటో తీసి పెట్టుకుని, ఖాతాలో పడిన డబ్బుతో పోల్చి చూడండి. తక్కువ పడితే ఆ రెండు కాగితాలే మీ సాక్ష్యం. సెంటర్లో తూకం ఒక తెల్లకాగితం మీద రాసిచ్చి సరిపెట్టారంటే ముందే జాగ్రత్త పడాలి.

తేమ మిషన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తోంది. ఏది నమ్మాలి?

మిషన్ తప్పు కావొచ్చు, మచ్చు తీసిన తీరు తప్పు కావొచ్చు. కుప్ప పైన ఎండి ఉంటుంది, అడుగున చెమ్మ ఉంటుంది. పొద్దున మంచుకు ఒక తీరు, మధ్యాహ్నం ఎండకు ఇంకో తీరు. అందుకని కుప్పకు కనీసం మూడు చోట్ల, పైన, నడుమ, అడుగున తీసి సగటు చూడమనండి. ఎండలో మండుతున్న గింజను వెంటనే మిషన్‌లో పోస్తే లెక్క సరిగా రాదు, కాసేపు నీడలో ఆరనివ్వాలి.

ఇక్కడ రైతు కూడా ఒక లెక్క ఒప్పుకోవాలి. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లను 17 శాతానికి ఎండబెడితే మిగిలేది సుమారు 96.4 కిలోలు. ఆ మూడున్నర కిలోలు నీళ్లే, ఎవరి దగ్గర అమ్మినా పోయేవే. గొడవ పెట్టుకోవాల్సింది అంతకు మించి కోసిన దాని మీద.

మిర్యాలగూడ మిల్లులకు పచ్చి వడ్లు కోత మిషన్ నుంచి నేరుగా తీసుకుపోవడం మేలా, ఎండబెట్టి సెంటర్‌కు పోవడం మేలా?

పై లెక్కనే ఇక్కడ వాడండి. మీ పచ్చి వడ్లలో 24 శాతం తేమ ఉందనుకుందాం. ఎండబెడితే క్వింటాలు 91.6 కిలోలవుతుంది. దానికి 2025-26 మద్దతు ధర కడితే 2,188 రూపాయలు. మిల్లు పచ్చి వడ్లకు 2,100 ఇస్తానంటే తేడా 88 రూపాయలు. ఎండబెట్టడానికి కూలీ, పరదాల కిరాయి, వారం పది రోజుల కాపలా, వాన భయం, సెంటర్లో తరుగు... ఇవన్నీ ఆ 88 లోంచే తీయాలి. అందుకే వేములపల్లి, మిర్యాలగూడ రోడ్ల మీద ట్రాక్టర్లు బారులు తీరుతాయి. రైతుకు తెలివి లేక అక్కడ నిలబడడు.

సన్నాలైతే లెక్క మారుతుంది. ప్రభుత్వ కేంద్రంలో అమ్మిన సన్న వడ్లకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉంది. అదే 91.6 కిలోలకు ఇంకో 458 రూపాయలు కలుస్తాయి. ఎప్పుడు పడుతుందన్నది వేరే టెన్షన్. మిల్లు వాళ్లు మంచి సన్న రకాలకు మద్దతు ధర కంటే ఎక్కువే ఇచ్చే రోజులూ ఉంటాయి. కాబట్టి కోతకు ముందు రోజు మిల్లు ధర కనుక్కుని, కాగితం మీద వేసుకుని తేల్చుకోవాలి. ఇంకొకటి, ఒకే రోజు ఊరంతా కోస్తే మిల్లు ముందు రెండు రోజులు ట్రాలీలోనే వడ్లు వేడెక్కుతాయి, రంగు మారుతాయి. అప్పుడు వాళ్లు ఎంతంటే అంతే.

నావి సన్నాలే, కానీ సెంటర్లో దొడ్డు వడ్లంటున్నారు.

గింజ పొడవు, వెడల్పు కొలిచే గ్రెయిన్ క్యాలిపర్ సెంటర్లో ఉండాలి. కంటితో చూసి తేల్చడం కుదరదు, కొలవమనండి. విత్తనం కొన్న బిల్లు, వ్యవసాయ విస్తరణాధికారి చేసిన పంట నమోదు చూపించండి. సన్నాలు, దొడ్డు రకం కల్లంలో కలిసిపోతే మాత్రం వాదన నిలవదు.

తక్‌పట్టీలో ఏమేం కోయొచ్చు?

ముందు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిచ్చే చిట్టీ, చేతికి వచ్చిందా లేదా చూడండి. చాలామంది "ఇంత వచ్చింది తీసుకో" అంటే డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేస్తారు. తక్‌పట్టీ మీద మీ పేరు, ఊరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, కొన్నవారి పేరు, కోతలు, చేతికిచ్చే మొత్తం ఉండాలి.

మార్కెట్ ఫీజు మీ నుంచి కోయకూడదు. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం అది కొన్నవాళ్లు కట్టేది, మన దగ్గర సాధారణంగా 1 శాతం. అడ్తి కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్లు), చాట కూలీ రేట్లు కమిటీ నిర్ణయించి బోర్డు మీద రాయాలి. ఆ బోర్డు గేటు దగ్గరో, ఆఫీసు గోడ మీదో ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే తక్‌పట్టీ వచ్చినప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు. "శాంపిల్", "ధర్మం", "గుడి చందా", "సంచి మార్పిడి" అని రాసిన కోతలేవీ ఆ బోర్డు మీద ఉండవు.

మచ్చు పేరుతో పోయే సరుకు ఏ కాగితం మీదా కనబడదు. పది మంది ఖరీదుదారులు వచ్చి తలా ఒక గుప్పెడు తీసుకుని సంచిలో వేసుకుంటారు. చూసిన గింజను మళ్లీ కుప్పలోనే వేయమని మొహమాటం లేకుండా చెప్పండి. తూకం అయ్యాక కింద రాలిన గింజలు ఊడ్చుకునే చాట కూలీ ఆడవాళ్లతో మాత్రం నేను గొడవ పెట్టుకోను. వాళ్లకు దక్కేది తక్కువ. కానీ బస్తా ఎత్తేటప్పుడు కావాలని రెండు చాటలు కింద ఒలకబోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది మాత్రం ఆపాలి. దగ్గర నిలబడితే చాలు, చాలావరకు ఆగుతుంది.

ఎలక్ట్రానిక్ కాంటా అయినా మోసం చేయొచ్చా?

చేయొచ్చు. బస్తా పెట్టకముందు సున్నా చూపిస్తోందా చూడాలి. కాంటా కింద రాయి, చెక్క ముక్క తగులుతోందా చూడాలి. పళ్లెం ఒక మూలకు వంగి ఉంటే కూడా తేడా వస్తుంది. అన్నింటికంటే సులువు, ముందే ఇంటి దగ్గరో, ఎరువుల దుకాణంలోనో ఒక బస్తా తూచి, గుర్తు పెట్టి తీసుకెళ్లడం. ఆ బస్తా ఇక్కడ ఎంత తూగిందో చూస్తే చాలు. కాంటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి పరీక్ష చేసి ముద్ర వేయాలి. సర్టిఫికెట్ చూపించమని అడిగితే కోపం తెచ్చుకునే వ్యాపారి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ట్రాలీ నిండా తెస్తే, దారిలో వేరే వే బ్రిడ్జి మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూయించండి. ఖర్చు తక్కువే.

రెండు శాతం వదులుకుంటే ఇప్పుడే నగదు ఇస్తామంటున్నారు.

దీన్నే యార్డుల్లో నగదు కోత, క్యాష్ కటింగ్ అంటారు. పది పదిహేను రోజుల తర్వాత ఇవ్వాల్సిన డబ్బు ఈరోజే ఇస్తున్నామన్న సాకు. అసలు అమ్మిన రోజే డబ్బు ఇవ్వాలన్నదే నియమం కాబట్టి ఈ కోతకు చట్టంలో చోటు లేదు. పైగా వడ్డీగా చూస్తే ఇది చాలా ఘోరం: పదిహేను రోజులకు రెండు శాతమంటే నెలకు నూటికి నాలుగు రూపాయలు. ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా అంత అడగడు. ఆసుపత్రి ఖర్చో, కూలీల బాకీయో ఉంటే మొత్తం మీద కోత వేయించుకోకండి. అవసరమైనంత మాత్రమే నగదు తీసుకుని, మిగిలింది ఖాతాలో వేయమనండి.

వడ్లు అమ్మి చాలా రోజులైంది, డబ్బులు పడలేదు.

సెంటర్లో తూకం అయినంత మాత్రాన డబ్బు బయలుదేరదు. లారీ మిల్లుకు చేరాలి, మిల్లు దించుకున్నట్టు ఒప్పుకోవాలి, అది ట్యాబ్‌లో ఎక్కాలి, అప్పుడు గానీ బిల్లు పైకి పోదు. కాబట్టి "డబ్బు ఎప్పుడు?" అని కాకుండా "ట్రక్ షీట్ (లారీ సరుకు వివరాల కాగితం) వచ్చిందా, ట్యాబ్ ఎంట్రీ అయిందా?" అని అడగండి. ఎంట్రీ కూడా అయిపోతే, ఆధార్‌కు అనుసంధానమైన ఖాతా ఏదో చూసుకోండి. మీరు ఎప్పుడో తెరిచి మరచిపోయిన వేరే బ్యాంకు ఖాతాలో డబ్బు పడి ఉండడం మామూలే. ఖాతాలో పాత పంట అప్పు బాకీ ఉంటే బ్యాంకు పట్టుకోవడం కూడా జరుగుతుంది. మేనేజర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

పత్తిని సీసీఐకి (భారత పత్తి సంస్థకు) అమ్మాలంటే ఇన్ని తిప్పలేంది?

దేవరకొండ, చండూరు, మునుగోడు వైపు ఎవరిని కదిపినా ఇదే మాట. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. 8 శాతం తేమ వరకే ఆ ధర. అక్కడి నుంచి ఒక్కో శాతానికి సుమారు 81 రూపాయలు తగ్గిస్తారు. 12 శాతం ఉంటే చేతికి 7,786 దాకా వస్తుంది. 12 దాటితే తీసుకోరు. అక్టోబరు, నవంబరు మంచులో పొద్దున్నే ఏరిన పత్తి 12లోపు రావడం కష్టం. మంచు ఆరాక ఏరి, రెండు రోజులు ఎండలో పరిచి, సాయంత్రం చల్లబడక ముందే బోరాల్లో తొక్కాలి. తడి పత్తిని మధ్యలో పెట్టి పైన ఎండు పత్తి పేర్చే తెలివి పనికిరాదు, మిల్లులో బండిని నాలుగైదు చోట్ల చూస్తారు. ఒక్కచోట ఎక్కువొస్తే బండి మొత్తం వెనక్కి.

2025లో రెండు కొత్త చిక్కులు తోడయ్యాయి. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే కొంటామన్నారు. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్లు, ఫోన్ నంబర్ మారిన వాళ్లు అక్కడే ఆగిపోయారు. ఎకరాకు 12 క్వింటాళ్ల దాకా కొనేది కాస్తా 7కు తగ్గించడంతో మంచి దిగుబడి వచ్చిన వాడు మిగతాది ప్రైవేటుకు ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం తీసేయడంతో ప్రైవేటు వ్యాపారులకు మన పత్తి మీద తొందర తగ్గింది. స్లాట్ బుక్ చేసే ముందు ఆ సీజన్ పరిమితి ఎంతో విస్తరణాధికారిని అడగండి, ఇది ఏడాది మధ్యలో కూడా మారుతుంది. పంట నమోదులో మీ చేనులో పత్తి అని ఎక్కిందో లేదో జూలై, ఆగస్టులోనే చూసుకోవాలి. అమ్మే రోజు చూస్తే చేసేదేమీ ఉండదు.

వ్యాపారి నా పాస్ పుస్తకం, ఆధార్ అడుగుతున్నాడు. క్వింటాలుకు ఇంత ఇస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

వద్దు. కల్లంలో తక్కువకు కొన్న సరుకును మీ పేరు మీద మద్దతు ధరకు అమ్ముకోవడానికే అది. మీ ఎకరాల మీద ఉన్న పరిమితి అయిపోతుంది, రేపు మీ సొంత పంట తెస్తే "మీది ఇప్పటికే కొన్నాం" అంటారు. విచారణ వస్తే ముందుండేది మీ పేరే.

కౌలుకు చేసుకుంటున్నా. నా పేరు మీద అమ్ముకోలేనా?

కష్టమే, అబద్ధం చెప్పి లాభం లేదు. పాస్ పుస్తకం భూమి ఉన్నాయన పేరు మీద ఉంటుంది, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన మంచివాడైతే తెచ్చి ఇస్తాడు. కౌలు బాకీ ఉంటే పట్టుకుంటాడు. పంట నమోదుకు అధికారి వచ్చినప్పుడే సాగుదారుగా మీ పేరు రాయించుకోవడానికి భూ యజమానితో మాట్లాడి ఒప్పించండి. సీజన్ చివర్లో అడిగితే ఎవరూ సంతకం పెట్టరు.

బత్తాయికి టన్నుకు క్వింటాలు తరుగు తీస్తున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?

నల్లగొండ బత్తాయి కథే వేరు. దానికి మద్దతు ధర లేదు, నిల్వ ఉండదు. చెట్టు మీద ఉంచితే రాలిపోతుంది, కోశాక ఆగదు. కొనేవాళ్లు ఢిల్లీ, కోల్‌కతా ధరలు ఫోన్లో చూసుకుంటూ తోటలో బేరం ఆడతారు. సూటు అని టన్నుకు ఇన్ని కిలోలు వదలాలంటారు. మంగు (మచ్చలు పడ్డ) కాయ, చిన్న కాయ అని పక్కన పోసింది మళ్లీ వేరే లెక్క, కొన్నిసార్లు అదే లారీలో ఎక్కుతుంది.

నల్లగొండ దగ్గర గంధంవారిగూడెంలో బత్తాయి మార్కెట్, నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్ కట్టారు. నిమ్మ మార్కెట్లో వేలం పాట అందరి ముందే జరుగుతుంది. బత్తాయి మాత్రం ఎక్కువగా తోట దగ్గరే అమ్ముడవుతోంది. కోత కూలీ, లోడింగ్ కొనేవాళ్లే చూసుకోవడం రైతుకు సౌకర్యం, ముందు అడ్వాన్స్ ఇస్తారు కూడా. ఆ సౌకర్యానికే సూటు కడుతున్నాం. తోటలోనే అమ్మాలనుకుంటే బేరం అప్పుడే మూడు మాటలు కాగితం మీద పెట్టించండి: సూటు ఎన్ని కిలోలు, ఏరివేత కాయ ఎవరిది, ఏ వే బ్రిడ్జిలో తూకం. ధర వంద తగ్గినా సూటు లేని బేరం చాలాసార్లు మేలు. టన్ను 20 వేలు పలికినప్పుడు క్వింటాలు సూటు అంటే 2 వేలు.

గద్వాల నుంచి రాయచూరు పోతే ధర ఎక్కువంటారు, నిజమేనా?

కొన్ని సరుకులకు, కొన్ని రోజులు నిజం. రాయచూరు పెద్ద మార్కెట్, కొనేవాళ్లు ఎక్కువ. కానీ అక్కడి కమీషన్, తూకం పద్ధతి, కోతలు వేరు, భాష వేరు, ధర నచ్చకపోతే వెనక్కి తేవడానికి కిరాయి రెండింతలు. మిర్చికి గుంటూరు పోయేవాళ్లదీ ఇదే సంగతి. ఊళ్లో నలుగురు కలిసి ఒకే లారీ పెట్టుకుంటేనే గిట్టుబాటు. మొదటిసారి మొత్తం పంట తీసుకుపోకండి. వడ్ల విషయంలో సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర బళ్లు ఆపుతుంటారు, బోనస్ కోసం అటు సరుకు ఇటు వస్తోందన్న అనుమానంతో. పాస్ పుస్తకం జిరాక్స్ బండిలో ఉంచండి.

యార్డులో పోసిన వడ్లు వానకు తడిశాయి. నష్టం ఎవరిది?

తూకం కాకముందైతే రైతుదే. తూకం అయ్యాక కొన్నవాళ్లది. అందుకే కాంటా ఆలస్యం చేయడంలో వాళ్లకు నష్టమేమీ లేదు. షెడ్లు రైతుల సరుకు కోసం కట్టినవి, వాటి కింద వ్యాపారుల బస్తాలు పేర్చి ఉంటే ఫోటో తీసి కార్యదర్శికి చూపించి ఖాళీ చేయమని అడగండి. పరదాలు కమిటీ ఇవ్వాలి. మొలకెత్తని తడి వడ్లను బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లులకు పంపే వీలుంటుంది, అధికారులు వచ్చి చూసేదాకా కుప్ప తీసేయకండి.

రాత్రి యార్డులోనే ఉండాల్సి వస్తే?

కొన్ని యార్డుల్లో రైతు విశ్రాంతి భవనం ఉంది. తాళం వేసి ఉంటే కార్యదర్శిని అడిగి తీయించండి. దేవరకద్ర ఉల్లి వేలం బుధవారం కాబట్టి ముందు రాత్రే వచ్చేవాళ్లు ఎక్కువ. సెలవు రోజుల సంగతి, సరుకు ఎక్కువై కొనుగోళ్లు ఆపారేమో ఆ సంగతి, బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఫిర్యాదు ఎవరికి చేయాలి? చేసినా ఏమైనా అవుతుందా?

చిక్కును బట్టి. యార్డులో వ్యాపారి, కమీషన్, తక్‌పట్టీ గొడవైతే మార్కెట్ కమిటీ కార్యదర్శికి, ఆయన వినకపోతే జిల్లా మార్కెటింగ్ అధికారికి. కాంటా మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖకు. వడ్ల సెంటర్, మిల్లు కోత అయితే పౌర సరఫరాల శాఖకు, 1967 నంబర్ ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఎవరైనా పోవచ్చు.

"అన్యాయం జరిగింది, న్యాయం చేయగలరు" అని రాసిన కాగితాలు కట్టలుగా పడి ఉంటాయి. మీ అర్జీలో తేదీ, బస్తాల సంఖ్య, తూకం చిట్టీ నంబర్, ఎంత కోశారో కిలోల్లో, పక్క కుప్ప రైతు పేరు సాక్షిగా రాయండి. ఒక్కరు కాకుండా అదే రోజు అమ్మిన నలుగురు కలిసి ఇవ్వండి. అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని రండి. లైసెన్స్ ఉన్న వ్యాపారికి అది రద్దవుతుందన్న భయం ఉంటుంది. లైసెన్స్ లేకుండా ఊళ్లోకి వచ్చి కల్లంలో కొని అప్పు చెప్పి పోయేవాడి మీద మాత్రం ఎంత మంచి అర్జీ రాసినా డబ్బు రాబట్టడం కష్టం. అట్లాంటి వాడి దగ్గర సరుకు ఎత్తే ముందే డబ్బు తీసుకోవాలి, లేదంటే ఎత్తనీయకూడదు.